తూకం వేయని సారె

నా షెడ్డులో కట్టిన లారీ బాడీ ఏదైనా సరే, పత్తిమిల్లు కాటా ఎక్కి దిగకుండా ఊరు దాటదు. నంద్యాల లారీలవాళ్ళు నన్ను పిచ్చి ఆచారి అంటారు. పెయింటు ఆరకముందే బండి తోలుకుపోదామని వస్తారు. నేను తాళంచెవి నడుముకు దోపుకొని ముందు కాటాకు పదండి అంటాను. ఇప్పుడు కిలోలొచ్చాయి. బండ్ల మీద పౌన్లలో రాసిన బరువులన్నీ చెరిపి కిలోల్లో రాయాలంట. పాత అంకెను లెక్కగట్టి మార్చి రాసెయ్యి, దానికి మళ్ళీ తూకమెందుకు అని మొన్న ఒకాయన వాదించాడు. నేను ఆయన మీదికి ఉలి ఎత్తానని బజారంతా చెప్పుకున్నారు. ఎత్తలేదు. పనిలో ఉన్నాను కాబట్టి చేతిలో ఉండింది, అంతే.

పాత అంకెను చూసి కొత్త బండి మీద రాయడమంటే ఏమిటో నాకు తెలుసు. ఐదేళ్ళ కిందట నేనే రాశాను.

నా పేరు కంబగిరాచారి. మాది వడ్రంగం. ఎద్దులబండ్లు చేసుకుంటూ ఉన్నవాణ్ణి, లారీలొచ్చాక లారీలకు కట్టె బాడీలు కట్టడం మొదలుపెట్టాను. నాకు ఒక్కతే కూతురు, రామేశ్వరమ్మ. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాళ్ళ ఇంటికి ఇచ్చాను. ఆ ఇంట్లో పెద్దవాడు ఆదినారాయణ. రాతి ముందు కూర్చుంటే అన్నం కూడా మరిచిపోతాడు. చిన్నవాడు చెన్నకేశవులు, నా అల్లుడు. వాడికి ఉలి అబ్బలేదు, చక్రం పట్టుకున్నాడు. మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి కొని, అన్న చెక్కిన విగ్రహాలను ఊరూరికీ చేర్చేవాడు.

డ్రైవర్లలో అంత జాగ్రత్త ఉన్నవాణ్ణి నేను చూడలేదు. కర్రపెన్సిలు చెవి మీద పెట్టుకొని తిరిగేవాడు. అది నేను ఇచ్చిందే, వడ్రంగుల పెన్సిలు. రాయి ఎక్కించే ముందు ఎంత బరువు, ఎక్కే మనుషులెందరు, గొలుసులెన్ని, అన్నీ కూడి చూసుకొనేవాడు. ఏందప్పా, దేవుణ్ణి మోసేదానికి కూడా ఇంత లెక్కా అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వేవాడు. ఎగతాళికి కోపం వచ్చే మనిషి కాదు.

ఆ ఏడు శ్రావణంలో రామేశ్వరమ్మ నాలుగు నెలల ఆడబిడ్డను ఎత్తుకొని పుట్టింటి నుంచి అత్తగారింటికి పోవాల్సి ఉండింది. పిల్లను పంపేటప్పుడు సారె పెట్టాలి కదా. నా భార్య కొండమ్మ బిందెలు, చీరలు అంటూ లెక్కలేస్తోంది. నాకు వేరే ఆలోచన వచ్చింది. అల్లుడి లారీ బాడీ పుచ్చిపోయి ఉంది. మామిడి చెక్కతో ఎవరో కట్టింది, అడుగు పలకల్లో వేలు దూరేది. ఈసారి సారె కింద కొత్త బాడీ కట్టిస్తానన్నాను. చెన్నకేశవులు సంతోషపడ్డాడు. తేలిక కట్టెతో కట్టమని మాత్రం అడిగాడు.

ఎందుకని అడిగితే, నన్ను పాత బాడీ పక్కకు పిలిచి అక్కడ రాసి ఉన్న అంకెలు చూపించాడు.

"బండి మోసేది సరుకొకటే కాదు మామా. మొదట తన్ను తాను మోసుకోవాల. ఇంజను, ఇనుము, చక్రాలు, పెట్రోలు, నువ్వు కట్టే కట్టె, అంతా దాని ఒంటి బరువే. అది ఆరువేల పౌన్లు. సరుకుతో, మనుషులతో అన్నీ కలిసి ఎంతకు ఓర్చుకుంటాదో బండి చేసినోడు రాసిచ్చినాడు, పదమూడువేల ఐదొందలు. ఆ రెండిటికీ నడుమ ఉండేదే మనది. నువ్వొక దూలం లావుగా ఏస్తే నేనొక రాయి తక్కువ ఎక్కించుకోవాల. పై అంకె మాత్రం జరగదు."

ఇప్పటికీ ఒక్క మాట పొల్లుపోకుండా గుర్తుంది. అర్థం కాలేదని చెప్పడానికి లేదు. బాగా అర్థమైంది. కానీ నాకు తిక్క లేచింది. రాళ్ళు మోసే బండికి మామిడి చెక్కా? ఎవరైనా అడ్డమొచ్చి గట్టిగా బ్రేకు వేస్తే వెనకున్న రాయి ముందుకు జారి డ్రైవరును నుజ్జు చేస్తుంది. అలాంటి బండి ఒకటి నా షెడ్డుకే వచ్చింది, దాన్ని కడిగింది నేనే. నా కూతురి మొగుడు అలా పోకూడదనుకున్నాను. అందుకే వాడు ఆళ్లగడ్డకు పోగానే నల్లమల కట్టె తెప్పించాను. అడుగున నల్లమద్ది దూలాలు, వేయాల్సిన దానికంటే రెండు ఎక్కువ. పలకలు రెండంగుళాల మందం. డ్రైవరు వెనక అడ్డంగా నిలబెట్టే ముందు పలక ఏగిస కట్టెతో, దాన్ని ఇద్దరు మనుషులు కలిసి కూడా ఎత్తలేకపోయారు. అన్నింటికీ ఇనుప పట్టీలు. నా జన్మలో అంత గట్టి పని చేయలేదు.

బండి అప్పగించే రోజు కొండమ్మ పసుపు కుంకుమ పెట్టింది. బాడీలో చలిమిడి, అరటిపండ్లు, గాజుల పెట్టె సర్దింది. చెన్నకేశవులు బండి చుట్టూ తిరిగి దూలాల మీద తట్టి చూశాడు. ముందు పలక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. వాడి మొహంలో సంతోషమూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"మామా, పత్తిమిల్లు కాటాకు పోయొస్తా," అన్నాడు.

మా ఇళ్ళల్లో సారె తూకం వేయరు. బియ్యం దోసిళ్ళతో పోస్తారు, ఎన్ని దోసిళ్ళో లెక్కపెట్టరు. బెల్లం గడ్డ అలాగే పెడతారు. తూస్తే పెట్టిన చెయ్యి చిన్నదైపోతుందని మా అమ్మ అనేది. అది తెలిసి కూడా అల్లుడు కాటా అనేసరికి, ఇరుగుపొరుగు చూస్తుండగా నా పరువు తీసినట్టనిపించింది.

"సారెను తూకమేసే అల్లుణ్ణి నేను యాడా సూళ్ళేదప్పా," అన్నాను.

వాడు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పోనీ, ఎంతుంటాది మామా?"

"పాతదాని బరువే ఉంటాదిలే, పో."

"నిజమేనా?"

"నలభై ఏండ్లుగా కట్టె కోస్తాండా. చేత్తో పట్టుకుంటే చెప్తా."

అబద్ధం. ఎక్కువుంటుందని తెలుసు. ఎంత ఎక్కువో మాత్రం తెలియదు. ఓ రెండు మూడు మణుగులేమోలే, అంత పెద్ద లారీకి అదొక లెక్కా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ఎక్కువంతా నా ప్రేమే అనుకున్నాను. దాన్ని వాడు అంకెల్లోంచి తీసేయడం నాకు ఇష్టం లేకపోయింది. వాడు కాటాకు పోలేదు. నా మాట మీద వాడికి అంత నమ్మకం. అంకెలున్న పాత పలకను గోడకు ఆనించి, చూసి కొత్త బాడీ మీద రాశాను. ఖాళీ బరువు 6,000. తెల్ల పెయింటుతో, గుండ్రంగా. సున్నాలు చక్కగా వచ్చాయని కొండమ్మ కూడా మెచ్చుకుంది.

కార్తీకంలో ముసురు పట్టింది. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చే దారిలో ఒక వంక మీది వంతెన కొట్టుకుపోయింది. దాని పక్కన దుంగలతో తాత్కాలికంగా దారి వేసి, ఆరు టన్నులకు మించి పోరాదని బోర్డు పెట్టారు. కాపలాకు సంజీవయ్య అనే ముసలాయన్ను ఉంచారు. ఆ తర్వాత జరిగిందంతా ఆయన చెబితే విన్నదే.

నంద్యాల పక్కన ఒక ఊరి శివాలయానికి ఆదినారాయణ నంది చెక్కాడు. సోమవారం లోపల చేర్చాలి. రాతి పొడవు, వెడల్పు, ఎత్తు తాడుతో కొలిచి, చెక్కి తీసేసిన చోట్లు తగ్గించి, ఆరువేల ఆరువందల పౌన్లని తమ్ముడికి చెప్పాడు. ఆ నందిని ఎక్కించుకొని, దించడానికి నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టుకొని చెన్నకేశవులు పొద్దున్నే బయలుదేరాడు. వంక దగ్గర బండి ఆపి, దిగి, బోర్డు చదివాడు. చెవి మీది పెన్సిలు తీసి, ముందు పలక మీదే లెక్క వేసుకున్నాడు. సంజీవయ్య పక్కనే నిలబడి చూశాడు.

బండి ఆరువేలు. నంది ఆరువేల ఆరువందలు. గొలుసులు, రాయి జరిపే గడారులు రెండువందలు. తాను నూట ముప్పై. నలుగురు మనుషులు ఐదువందల ఇరవై. మొత్తం పదమూడువేల నాలుగువందల యాభై. ఆరు టన్నులంటే పదమూడువేల నాలుగువందల నలభై.

పది పౌన్లు ఎక్కువ. ఆ పది పౌన్ల కోసం నలుగుర్నీ దించాడు. నడిచి అవతలికి పోండన్నాడు. పది పౌన్లకేమవుతుందన్నా, ఎక్కనీ అని ఒకడు గొణిగితే, దుంగకు పదేందో ఇరవయ్యేందో తెల్దురా, మనమే తెలుసుకోవాల అన్నాడట. వాళ్ళు దాటి అవతలి గట్టు మీద నిలబడ్డాక, ఒక్కడే ఎక్కి, మొదటి గేరులో, చీమ నడిచినట్టు పోనిచ్చాడు. సగం దూరం పోయాక వెనక చక్రాల కింద దుంగ విరిగింది. బండి పక్కకు ఒరిగి, డ్రైవరు వైపు కిందికి పెట్టుకొని వంకలో పడింది. నలుగురూ దూకారు. తలుపు బురదలో కూరుకుపోయింది. వాళ్ళు వాణ్ణి బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. నంది జారి వచ్చి నా ముందు పలకకు కొట్టుకుంది. పలక చీలలేదు. రాతిని ఆపింది, నీళ్ళను ఆపలేదు. వంకలోంచి బండిని లాగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నా కట్టుబడిలో ఒక్క కీలు కూడా సడలలేదు. లాగేవాళ్ళలో ఒకడు, ఎవరు కట్టినారోగానీ బలే కట్టినాడప్పా అన్నాడు. ఆ మాటకు బదులు ఏడుపొచ్చింది నాకు. అల్లుడి కోసం ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

పోలీసులు, ఒక ఇంజనీరు వచ్చి రాసుకున్నారు. బండి ఖాళీ బరువు ఎంత? పక్కనే రాసి ఉంది. బాడీ కట్టింది నువ్వేనా, ఈ అంకె సరైందేనా అని నన్ను అడిగారు. సరైందే అన్నాను. దుంగలు కూడా పరీక్ష చేశారు, మంచివే. మరి బండి ఆరువేలే అయితే మిగతా బరువంతా రాతిదే అయి ఉండాలి. నంది బరువు తక్కువ చెప్పారని తేల్చారు. ఆ నంది రెండు ముక్కలై బురదలో ఉంది, దాన్ని తూచేవాళ్ళు లేరు.

పదో రోజు కర్మ అయ్యాక రామేశ్వరమ్మ అందరి ముందరా ఆదినారాయణను అడిగేసింది. రాయి బరువు తప్పు చెప్పి నా మొగుణ్ణి సంపినావు బావా అంది. బిడ్డను ఎత్తుకొని మా ఇంటికి వచ్చేసింది. ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కనంది. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

లారీని నా షెడ్డుకే చేర్చారు. బురద కడుగుతుంటే ముందు పలక మీద పెన్సిలు గీతలు కనిపించాయి. పెన్సిలు గీత నీళ్ళకు పోదు. వాడి అంకెలు ఒకదాని కింద ఒకటి, కింద అడ్డగీత, దాని కింద మొత్తం. నేను మూడుసార్లు కూడి చూశాను. కూడిక తప్పు లేదు. ఆ కూడికలో అన్నిటికంటే పైన ఉన్నది నేను రాసిన అంకె.

ఎద్దులు కట్టించి లారీని పత్తిమిల్లు కాటాకు లాగించాను. నడవదు కాబట్టి పెట్రోలు, నీళ్ళు నేనే తెచ్చి పోశాను, అన్నీ ఉన్నప్పటి బరువే తెలియాలని. కాటా గుమాస్తా తూకపు గుండు జరిపి, జరిపి, ఆపాడు. ఏడువేల రెండువందలు అన్నాడు. మళ్ళీ చూడమన్నాను. విసుక్కుంటూ చూశాడు. ఏడువేల రెండువందలే.

పన్నెండువందల పౌన్లు. వాడు పది పౌన్లకు నలుగుర్ని దించాడు. నేను తొమ్మిదిమంది మనుషులంత బరువును వాడికి చెప్పకుండా ఎక్కించాను.

అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను. ఎదురుగా బిడ్డకు పాలిస్తూ కూతురు కూర్చుని ఉంది. చెబితే ఆమెకు మొగుడితో పాటు తండ్రి కూడా పోతాడు, ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది ఆమె మీద దయ కాదు. నా పిరికితనం. ఆమె నన్ను చూసే చూపు మారకూడదని నా ఆశ. మూడు నెలలు అలాగే గడిపాను. ఆళ్లగడ్డ నుంచి వచ్చినవాళ్ళు ఆదినారాయణ పని మానేశాడని చెప్పేవాళ్ళు. ఒప్పుకున్న విగ్రహాలు సగంలో వదిలేశాడట. రోజూ ఆ వంక దగ్గరికి పోతున్నాడట.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఆయనే మా ఇంటికి వచ్చాడు. గుర్తుపట్టలేకపోయాను. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. రామేశ్వరమ్మ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ఆయన అరుగు మీద కూర్చుని, సంచిలోంచి ముడులు వేసిన తాడు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నంది కొలత మామా. రెండు ముక్కల్నీ ఇరవై మార్లు కొలిచినా. ఎన్నిమార్లు కొలిచినా ఆరువేల ఆరువందలే వస్తాంది. నా కండ్లు పోయినాయో, బుద్ధే పోయిందో తెల్దు. నువ్వు కొలతలెరిగినోనివి. యాడ తప్పినానో సూసి చెప్పు. తప్పు యాడుందో తెలిస్తే సాలు, నేనింకేమీ అడగను."

తాడును వేళ్ళతో తడిమి చూశాను. ముడులన్నీ సమంగా ఉన్నాయి, మంచి పనివాడు వేసిన ముడులు. నేను లేచి తలుపు తీసి కూతుర్ని బయటికి రమ్మన్నాను. కొండమ్మ కూడా వచ్చింది. ముగ్గురి ముందరా చెప్పాను. రాయి బరువు సరైందే. కూడిక సరైందే. బండి ఏడువేల రెండువందలు. వాడు కాటాకు పోతానంటే నేను పోనీయలేదు. పాతదాని బరువే అని అబద్ధం చెప్పాను. మూడు నెలలుగా తెలిసే ఊరుకున్నాను.

ఆదినారాయణ తాడును నా చేతిలోంచి తీసుకొని, చుట్టచుట్టి, కండ్లకద్దుకొని ఏడ్చాడు. మగవాడు అంత పెద్దగా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

రామేశ్వరమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకొని నన్నే చూస్తూ నిలబడింది. అలా చూస్తూనే అంది.

"ఆ పొద్దు కాటాకు పోతానని నా ఎదురుగానే అన్యాడు గదా నాయనా. నేను గూడా నీ పక్కే మాట్లాడినా. నాయన పెడతాంటే తూకమేందని నేనే కసురుకున్యా."

అది నాకు తెలియదు. నేను షెడ్డులోకి పోయాక ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాట. ఇక ఆమె నన్ను ఏమన్నా పడేవాణ్ణే, కానీ ఆమె తన్ను తాను అనుకుంది. నా అబద్ధంలో సగం తన నెత్తికెత్తుకుంది. అది నేను తట్టుకోలేకపోయాను.

ఆదినారాయణ కాళ్ళకు దండం పెట్టి, బావా నన్ను ఇంటికి తోలుకొని పో అంది. ఆయన సరేనమ్మా అన్నాడు. మరుసటి రోజు పొద్దున బస్సుకు బయలుదేరారు. కూతురు వెళుతుంటే వట్టి చేతులతో పంపలేక, కొండమ్మ ఏడుస్తూనే దోసిళ్ళతో బియ్యం పోసి, బెల్లం గడ్డ, రవికె గుడ్డ, పసుపు పెట్టి చిన్న మూట కట్టింది. ఆ మూటను నా చేతికిచ్చి, నువ్వియ్యి అంది.

నేను ఇవ్వబోతే రామేశ్వరమ్మ చెయ్యి చాచలేదు. బిడ్డను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"తూకమేసి ఇయ్యి నాయనా," అంది. "ఎంతుందో తెలిస్తే మోసుకుంటా."

కొండమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను షెడ్డులోకి పోయి మేకులు తూచే తక్కెడ తెచ్చాను. మూటను ఒక పళ్ళెంలో పెట్టి, రెండో దాంట్లో రాళ్ళు వేశాను. ముల్లు వెంటనే నిలవలేదు. ఆమె తొందరపెట్టలేదు. ముల్లు నిలిచేదాకా చూస్తూ నిలబడింది. మూడు వీశెల ఐదు పలాలు అని చెప్పాను.

ఇంకొకసారి చూడమంది. చూశాను. అంతే ఉందన్నాను. అప్పుడు చెయ్యి చాచి మూట తీసుకుంది. బస్టాండు దాకా నేను మోస్తానంటే ఇవ్వలేదు.